నెత్తిమీది టోపీ ఎవరిది?

1571లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక చిత్రమైన చట్టం చేసింది. ఆరేళ్లు దాటిన ప్రతివారూ ఆదివారాల్లో, పండుగ రోజుల్లో ఉన్నితో అల్లిన టోపీ పెట్టుకుని తీరాలి. అది ఇంగ్లండులో అల్లినది, ఇంగ్లండు పనివాళ్లు తీర్చిదిద్దినది అయివుండాలి. పెట్టుకోకపోతే రోజుకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. కూలివాడికి అది కొన్ని రోజుల కష్టార్జితం. చట్టంలో మినహాయింపుల జాబితా ఉంది: పెళ్లికాని ఆడపిల్లలు, పెద్దింటి స్త్రీలు, ప్రభువులు, నైట్లు, ఏడాదికి 20 మార్కుల (మార్కు అప్పటి డబ్బు లెక్క) రాబడినిచ్చే భూమి ఉన్న పెద్దమనుషులు. చట్టం ఆ ఉన్ని టోపీకి వాడిన మాట క్యాప్. మినహాయింపు దొరికిన మగవాళ్లు ఆ రోజుల్లో మోజుపడి కొంటున్నది మరొకటి, దాని పేరు హ్యాట్. తెలుగులో రెండింటినీ టోపీ అనేస్తాం, మన పని జరిగిపోతుంది. ఇంగ్లీషువాళ్లకు మాత్రం ఇవి ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువులే. ఆ తేడా ఏమిటన్న ప్రశ్నకు సమాధానం నిఘంటువులో కంటే ఆ మినహాయింపుల జాబితాలోనే బాగా దొరుకుతుందని నా వాదన.

నిఘంటువులు చెప్పే తేడా ఆకారానిది. చుట్టూ అంచు ఉంటే హ్యాట్. అంచు లేకపోయినా, నుదుటి మీదికి మాత్రమే కాస్త ముందుకు వచ్చినా క్యాప్. చాలా టోపీల విషయంలో ఇది సరిపోతుంది, కాదనను. కానీ ఏ నిర్వచనమైనా తేలిక ఉదాహరణల దగ్గర కాదు, చిక్కు ఉదాహరణల దగ్గర నిలబడాలి. పెద్ద హోటళ్లలో వంటవాళ్ల పొడుగాటి తెల్లటోపీకి అంచే ఉండదు, అయినా అది షెఫ్ హ్యాట్. క్రిస్మస్ విందులో పెట్టుకునే కాగితం టోపీ వట్టి కాగితపు చుట్ట, అదీ హ్యాటే. బకింగ్‌హామ్ రాజభవనం ముందు కాపలా సైనికులు పెట్టుకునే అడుగున్నర ఎత్తు ఎలుగుబంటి బొచ్చు టోపీ చూడటానికి ఎంత ఘనంగా ఉన్నా, సైన్యం లెక్కల్లో అది క్యాప్. ఇక అన్నిటికంటే పెద్ద వింత: 1571 చట్టం క్యాప్ అన్న ఆ ఉన్ని అల్లిక టోపీ లాంటిదే నేటి బ్రిటన్‌లో చలికాలం ఎవరైనా పెట్టుకుంటే దాన్ని ఊలీ హ్యాట్ అంటారు. వస్తువు పెద్దగా మారలేదు, పేరు మారింది. అలాంటప్పుడు పేరును నిర్ణయించినది అంచు మాత్రమే అనడం కుదరదు. ఆకారం తేల్చని చోట మరొకటి తేలుస్తోంది. నెత్తిమీద ఉన్నది మనిషి తన ఇష్టంతో తెచ్చుకున్నదా, లేక ఒక యజమానో సంస్థో చట్టమో అతని నెత్తిన పెట్టినదా అన్నదే ఆ రెండోది.

మొదట్లో ఇంత అర్థం లేదు. రెండు మాటలూ రెండు చేతిపనుల పేర్లు. ఉన్ని దారాన్ని అల్లి, నీళ్లలో తొక్కి దట్టం చేసి, ముళ్లతో నూగు లేపి కత్తిరించి తయారుచేసేది క్యాప్. అల్లకుండా ఉన్నినో బొచ్చునో తడిపి, వేడిచేసి, ఒత్తి ఫెల్టు అనే పలకలా చేసి, కొయ్య దిమ్మ మీద అచ్చుపోసేది హ్యాట్. క్యాప్ పని ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టేది. ఉన్ని ఏరేవాళ్లు, దువ్వేవాళ్లు, వడికేవాళ్లు, అల్లేవాళ్లు, తొక్కేవాళ్లు, రంగు అద్దేవాళ్లు, కత్తిరించేవాళ్లు, అంచు కుట్టేవాళ్లు ఇలా పదిహేను రకాల పనులవాళ్లు దాని మీద బతికేవారు. కావెంట్రీ, మన్మత్, బ్యూడ్లీ ఊళ్లకు ఇదే ప్రాణం. ఈ పనిలోకి నీటిమరలు వచ్చి తొక్కేవాళ్ల పొట్టకొడుతున్నాయని 1482 నాటికే మరలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. యంత్రానికీ చేతికీ గొడవ పారిశ్రామిక విప్లవంతోనే మొదలైందనుకునేవాళ్లు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో క్యాప్ తక్కువ వస్తువు కూడా కాదు. ఏడో హెన్రీ కాలంలో, 1488 ప్రాంతంలో, టోపీల ధరలకు చట్టం గరిష్ఠ పరిమితి పెట్టింది. హ్యాట్‌కు 20 పెన్నీలు, క్యాప్‌కు 2 షిల్లింగుల 8 పెన్నీలు. అంటే 32 పెన్నీలు. క్యాపే ఖరీదు. కాబట్టి క్యాప్ అంటే పేదవాడిదనీ హ్యాట్ అంటే గొప్పవాడిదనీ ఆదినుంచీ ఉన్న అర్థం అనడం తప్పు. ఆ అర్థం తర్వాత తయారైంది, తయారుచేసినవాళ్లు కూడా ఉన్నారు.

పదహారో శతాబ్దం నడుస్తుండగా మోజు తిరిగింది. యూరప్ ఖండం నుంచి వచ్చిన పనివాళ్లు మేలైన ఫెల్టు హ్యాట్లు చెయ్యడం మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్లు వాటివైపు మళ్లారు. 1583లో ఫిలిప్ స్టబ్స్ అనే ఛాందసుడు లోకం చెడిపోయిందని రాసిన పుస్తకంలో రకరకాల హ్యాట్ల మీద విసుర్లు విసిరాడంటే అవి వీధి వీధికీ చేరాయన్నమాట. క్యాప్ పనివాళ్లు పస్తులున్నారు. వాళ్లను కాపాడటానికే 1571 చట్టం. ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. చట్టం పుట్టింది జీవనోపాధి కోసం, మోజు దానికంటే ముందే మారింది, మరి టోపీల అర్థాన్ని చట్టం తయారుచేసిందని ఎలా అంటావని. నిజమే, గాలి ముందే మారింది. కానీ గాలికి గీత ఉండదు. ఎవరి నెత్తిన ఏది ఉండాలో గీత గీసింది చట్టం. ఉపాధి ఒక్కటే దాని ఉద్దేశమైతే ప్రభువులను కూడా క్యాప్ పెట్టుకోమని ఉండాల్సింది, వాళ్లు కొంటే ధరా బాగా పలికేది. వాళ్లను వదిలేసి, కిందివాళ్లను మాత్రం జరిమానాతో కట్టేసింది. చట్టం సరిగ్గా అమలు కాలేదు, 1597లో రద్దయింది. గీత మాత్రం మిగిలిపోయింది.

ఆ గీతను ఇంకా స్పష్టంగా చూపేది లండన్ నగరపాలకులు 1582లో ఇచ్చిన ఉత్తర్వు. చేతిపనులు నేర్చుకోవడానికి యజమానుల ఇళ్లలో చేరిన కుర్రాళ్ల కోసం అది. యజమాని ఇచ్చిన బట్టలు తప్ప మరే బట్టలూ కట్టకూడదు. నగరం హద్దుల్లో హ్యాట్ పెట్టకూడదు; దాని బదులు పట్టు తగలని ఉన్ని క్యాప్ మాత్రమే పెట్టుకోవాలి. ఈ రెండు నిబంధనలు ఒకదాని పక్కన ఒకటి ఉండటమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. వాటిని కలిపి చదివితే క్యాప్ అంటే యజమాని చెప్పుచేతల్లో ఉన్నవాడి టోపీ. కుర్రాడు పని నేర్చి, గడువు తీరి, సొంత దుకాణం పెట్టుకున్న రోజున హ్యాట్ కొనుక్కోవచ్చు. దాని ధర ఎంతైనా అది అతని సొంతం.

హ్యాట్ మనిషి సొంతం కాబట్టే అది ఆ మనిషికి బదులుగా నిలిచింది. పదిహేడో శతాబ్దపు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఈ సంగతి బాగా గ్రహించారు. దేవుడి ముందు తప్ప ఏ మనిషి ముందూ హ్యాట్ తియ్యమన్నారు, అందుకు జైళ్లకు పోయారు. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే క్వేకర్ల విచారణలో జరిగింది చెప్పుకోదగ్గది. ఇద్దరూ వట్టి తలలతోనే న్యాయస్థానంలోకి వచ్చారు. అధికారులు వాళ్ల నెత్తిన హ్యాట్లు పెట్టించారు, ఆ తర్వాత హ్యాట్ తియ్యనందుకు కోర్టు ధిక్కారమని చెరి 40 మార్కుల జరిమానా వేశారు. న్యాయమూర్తికి కావలసింది వాళ్ల వట్టి తలలు కావు, వాళ్లంతట వాళ్లు హ్యాట్ తీసి వంగడం. పార్లమెంటు దిగువ సభలోనూ ఇదే తర్కం. సభ్యుడు తన సీటు మీద హ్యాట్ పెట్టి వెళితే ఆ సీటు అతనిదే, హ్యాట్ కూర్చుంటే సభ్యుడు కూర్చున్నట్టే. ఓటింగు జరుగుతున్నప్పుడు ఎవరైనా నిబంధనల మీద అభ్యంతరం లేవదీయాలంటే కూర్చుని, తల కప్పుకుని మాట్లాడాలనే ఆనవాయితీ ఉండేది. హ్యాట్లు పెట్టుకోవడం మానేశాక అందుకోసమే మడతపెట్టే టాప్ హ్యాట్ ఒకటి సభలో ఉంచేవారు. ఆ ఆనవాయితీ 1998లో గానీ పోలేదు.

ఖజానా కూడా ఈ సూత్రం పసిగట్టింది. 1784లో ప్రధాని చిన్న పిట్ ప్రభుత్వం మగవాళ్ల హ్యాట్ల మీద పన్ను వేసింది. 4 షిల్లింగుల లోపు హ్యాట్‌కు 3 పెన్నీలు మొదలుకుని 12 షిల్లింగులు దాటితే 2 షిల్లింగుల దాకా. పన్ను కట్టినట్టు హ్యాట్ లోపల ముద్ర కాగితం అంటించాలి, దొంగ ముద్ర వేస్తే ఉరి. ధనికుడికి హ్యాట్లు ఎక్కువ, ఖరీదైనవి. పేదవాడికి ఒకటి ఉంటుంది లేదా అదీ ఉండదు. కాబట్టి హ్యాట్‌ను బట్టి మనిషి తాహతు కొలవొచ్చని లెక్క వేశారు. వ్యాపారులు తమ సరుకును హ్యాట్ అనడం మానేసి వేరే పేర్లతో అమ్మారు, తర్వాత ప్రభుత్వం పన్నును ఇతర తలపోషాకులకూ వర్తింపజేయాల్సి వచ్చింది. పన్ను 1811 దాకా సాగింది. ఒక వస్తువు హ్యాటా కాదా అన్నది పండితుల చర్చగా కాక డబ్బు లెక్కగా మారిన కాలం అది.

ఇక గట్టి అభ్యంతరానికి వద్దాం. క్యాప్ లొంగుబాటుకు గుర్తయితే విశ్వవిద్యాలయ పట్టభద్రులు, ఆచార్యులు పెట్టుకునే నల్లటి చదరపు టోపీ క్యాప్ ఎందుకైంది? ఒకప్పుడు ఉరిశిక్ష చెప్పేటప్పుడు ఇంగ్లీషు న్యాయమూర్తి విగ్గు మీద వేసుకునే నల్లగుడ్డ ముక్క బ్లాక్ క్యాప్ ఎందుకైంది? వీళ్లకంటే పెద్దవాళ్లెవరు? చరిత్ర ఇచ్చే జవాబు ఇది: ఈ సంస్థలన్నీ ట్యూడర్ కాలంలో, క్యాప్ ఇంకా గౌరవ వస్తువుగా ఉన్నప్పుడు, తమ వేషాన్ని ఖాయం చేసుకున్నాయి. బయట లోకం హ్యాట్‌కు మారినా ఇవి మారలేదు. కానీ ఈ జవాబు సగమే. రెండో సగం ఏమిటంటే, ఆచార్యుడి క్యాప్ అతనిది కాదు, విశ్వవిద్యాలయానిది. నల్లగుడ్డ వేసుకున్న న్యాయమూర్తి తన మాట చెప్పడం లేదు, చట్టం మాట చెబుతున్నాడు. ఎక్కడ మనిషి వెనక్కి జరిగి సంస్థ ముందుకొస్తుందో అక్కడ క్యాప్. అందుకే అది సమాజంలో అట్టడుగునా కనిపిస్తుంది, శిఖరం మీదా కనిపిస్తుంది. మధ్యలో, తన కాళ్ల మీద తాను నిలబడ్డ గృహస్థుడి నెత్తిన మాత్రం హ్యాట్.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా గడప దగ్గర తేలింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇల్లాలు ఇంట్లో తెల్లటి నార క్యాప్ పెట్టుకునేది, వీధిలోకి వెళితే దాని మీదే హ్యాట్ పెట్టుకునేది. తర్వాత ఇల్లాళ్లు క్యాప్ మానేశారు గానీ తమ పనిమనుషుల చేత మాన్పించలేదు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా పనిపిల్ల నెత్తిన తెల్లక్యాప్ ఉండాల్సిందే. నర్సుల క్యాప్‌ది కూడా క్రమశిక్షణ వారసత్వమే, శిక్షణలో ఒక దశ దాటినవాళ్లకు దాన్ని వేడుక చేసి మరీ పెట్టేవారు. ఇప్పుడు నర్సు టోపీని, వంటమాస్టారు టోపీని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ తెల్లనివి, రెండూ గంజిపెట్టినవి, దేనికీ అంచు లేదు, రెండూ ఉద్యోగంతో వచ్చినవే. ఒకటి క్యాప్, ఒకటి హ్యాట్. వంటింట్లో షెఫ్ యజమాని, అతని టోపీ ఎత్తు అతని హోదా. ఆసుపత్రిలో నర్సును అలా చూడలేదు. ఆ చూపు న్యాయమైనది కాదు, కానీ భాషలో అచ్చుపడి ఉంది.

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్యాక్టరీలు దీన్ని మరీ బాహాటం చేశాయి. ఓడలు కట్టే రేవుల్లో కూలీలకు గుడ్డ క్యాప్, మేస్త్రీకి గుండ్రటి బౌలర్ హ్యాట్, యజమానికి పొడుగాటి టాప్ హ్యాట్. ఫర్లాంగు దూరం నుంచే ఎవరెవరో తెలిసిపోయేది. ఇక్కడ రెండు ఎదురుదెబ్బలు ఒప్పుకోవాలి. కూలీ తన గుడ్డ క్యాప్‌ను తన డబ్బుతోనే కొనుక్కునేవాడు, ఎవరూ ఇవ్వలేదు. మరోవైపు, 1849లో బౌలర్ హ్యాట్ పుట్టిందే ఒక ప్రభువుల ఇంటివాడు తన అడవి కాపలాదార్ల కోసం లండన్ దుకాణంలో చేయించి ఇవ్వడంతో. రెండో దాంట్లో ఆకారం గెలిచింది. గట్టి ఫెల్టు, చుట్టూ అంచు, దాన్ని క్యాప్ అనే వీలు లేదు. మొదటి దాని గురించి ఒక మాట చెప్పాలి. క్యాప్ కొన్నది కూలీయే, కానీ వేల మంది కూలీలు అదే కొన్నారు. అది ఒకడి టోపీ కాదు, ఒక వర్గం టోపీ. కెయిర్ హార్డీ కథ ఇందుకు సాక్ష్యం. స్కాట్లండ్ బొగ్గుగనుల్లో పనిచేసిన ఆ కార్మిక నాయకుడు 1892లో పార్లమెంటుకు ఎన్నికై, టాప్ హ్యాట్లు నిండిన సభలో అడుగుపెట్టాడు. గుడ్డ క్యాప్‌తో వచ్చాడని లోకం చెప్పుకుంది, ఇప్పటికీ చెప్పుకుంటోంది. నిజానికి అతని నెత్తిన ఉన్నది డీర్‌స్టాకర్, పెద్దమనుషులు జింకల వేటకు వాడే టోపీ. షెర్లాక్ హోమ్స్ బొమ్మల్లో కనిపించేది అదే. హోమ్స్ నెత్తిన ఉంటే హ్యాట్ అనేవాళ్లు ఎందరో ఉన్నారు. గనికార్మికుడి నెత్తిన ఉంటే అది గుడ్డ క్యాప్‌గా చరిత్రకెక్కింది. వస్తువును కాదు, మనిషిని చూసి పేరు పెట్టారు. నా వాదనకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

సూత్రానికి లొంగనివి ఇంకా ఉన్నాయి. కార్డినల్‌కు ఎర్ర హ్యాట్‌ను పోప్ ఇచ్చేవాడు, 1245 నుంచి 1969 దాకా అది ఇచ్చే వస్తువే. గూర్ఖా సైనికుల వెడల్పాటి హ్యాట్ కూడా సైన్యం ఇచ్చినదే. వీటన్నిటికీ చుట్టూ పెద్ద అంచు ఉంది. అంచు స్పష్టంగా ఉన్నచోట ఆకారానిదే చివరి మాట అని ముందే ఒప్పుకున్నాను. ఆకారం మౌనంగా ఉన్నచోటనే యాజమాన్యం మాట్లాడుతుంది.

ఆటల్లో ఈ తేడా బాగా తేటపడింది. 1858లో షెఫీల్డులో క్రికెటర్ హెచ్.హెచ్. స్టీఫెన్సన్ వరుసగా మూడు బంతులకు ముగ్గురిని అవుట్ చేస్తే, ప్రేక్షకుల దగ్గర చందా పోగుచేసి అతనికి ఒక హ్యాట్ కొనిచ్చారు. క్యాప్ ఇచ్చారని చెప్పేవారూ ఉన్నారు, కానీ భాషలో నిలిచినది హ్యాట్రిక్. ఒక్కడు, తన చేతితో, ఒక్క పూటలో సాధించిన దానికి అదే తగిన మాట. 1886లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం, ఎన్.ఎల్. జాక్సన్ ప్రతిపాదన మేరకు, దేశం తరఫున ఆడిన ప్రతి ఆటగాడికీ ఎర్రగులాబీ కుట్టిన తెల్లపట్టు క్యాప్ ఇవ్వాలని తీర్మానించింది. ఎన్ని గోల్స్ కొట్టాడన్న లెక్క దానికి లేదు, జట్టులో ఒకడైతే చాలు. ఆ క్యాప్ పెట్టుకుని ఎవరూ మైదానంలో ఆడరు కూడా. అది తలకోసం పుట్టినది కాదు, సభ్యత్వం కోసం పుట్టినది.

ఈ తేడా చెరిగిపోతున్న తీరు కూడా నా మాటనే బలపరుస్తోంది. బేస్‌బాల్ క్యాప్ జట్టు ఇచ్చినంత కాలం క్యాప్. జట్టుతో పనిలేనివాళ్లు దుకాణంలో కొని ఎండకు పెట్టుకోవడం మొదలయ్యాక అమెరికన్లు దాన్ని మాటల్లో హ్యాట్ అనడం మామూలైపోయింది. ఊలీ హ్యాట్ కథ కూడా ఇదే. చట్టం నెత్తిన రుద్దినప్పుడు క్యాప్, చలికి మనమే కొనుక్కుంటే హ్యాట్.

మన దగ్గర ఈ గీత ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు తేలికే. మన తలల మీద తారతమ్యం టోపీకీ టోపీకీ మధ్య కాదు, తలపాగాకూ టోపీకీ మధ్య నడిచింది. దొరలను టోపీవాళ్లు అన్నాం, వాళ్ల జీలుగు బెండు టోపీనీ టోపీయే అన్నాం. సరదాకి చెప్పుకోవాలంటే, ఎదుటివాడు మన నెత్తిన టోపీ పెట్టాడంటే మోసపోయామనే అర్థం చెప్పే తెలుగు నుడికారం క్యాప్ స్వభావాన్ని ఇంగ్లీషువాళ్లకంటే సూటిగా పట్టుకుంది. 1920 తర్వాత ఖద్దరు గాంధీ టోపీ వచ్చినప్పుడు ఇంగ్లీషు పత్రికలు దాన్ని గాంధీ క్యాప్ అన్నాయి. అంచు లేదు కాబట్టి ఆకారం ప్రకారం కూడా అది క్యాపే, కానీ దాని బలం ఆకారంలో లేదు. గాంధీ దాన్ని పెట్టుకున్నది కొద్దికాలమే, 1921లో కొల్లాయికి మారాక మళ్లీ పెట్టుకోలేదు. ఒక మనిషి టోపీగా కాక ఒక ఉద్యమం టోపీగానే అది బతికింది.

ఈ రెండు ఇంగ్లీషు మాటలు ఇప్పుడు తెలుగు పత్రికల్లో రోజూ కనిపించేది క్రికెట్ దయవల్లే. వరసగా మూడుసార్లు ఎన్నికల్లో నెగ్గినవాడికీ హ్యాట్రిక్ అంటున్నాం. కొత్త ఆటగాడికి టెస్టు క్యాప్ అందింది అంటున్నాం. ఆ క్యాప్‌లకు వరస సంఖ్యలుంటాయి. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు పదకొండు మందికీ అదే మొదటి టెస్టు కాబట్టి సంఖ్యలు ఇంగ్లీషు అక్షరక్రమంలో వేశారు. ఒకటో సంఖ్య అమర్ సింగ్‌ది. ఆ జట్టు నాయకుడు, తెలుగు కుటుంబంలో పుట్టిన కర్నల్ సి.కె. నాయుడు క్యాప్ సంఖ్య 7.